మాయల ఫకీరు ప్రాణము

కొంతకాలము క్రిందట మేము బాలల కార్యక్రమమునందు బాలనాగమ్మ కథను నాలుగు భాగములుగా ప్రసారము చేసితిమి. తరతరములుగా బుర్రకథలవారును, ఇండ్లలోని అవ్వలును చెప్పుచు వచ్చిన కథయే గనుక క్రొత్తగా కల్పింపవలసిన దేమియు లేకుండెను. కాని కడపటి భాగమును వ్రాయునపుడు మాకొక సందేహము కలిగినది. మాయల ఫకీరు ప్రాణము ఏడు సముద్రముల కావల నొక చిలుకయందు దాగియుండును. బాలవర్ధిరాజు ఆ చిలుకను పట్టి తెచ్చి రెక్క విరువగా ఫకీరు చేయి విరిగిపడును. కాలు విరువగా వాని కాలు విరుగును. మెడ నులుమగా వాడు నేలగూలును. ఇంత క్రూరమైన ఘట్టమును పసిపిల్లలకు వినిపింపవచ్చునా యని మాలో మేము తర్కించుకొని, తుదకు దానిని తొలగించితిమి. బాలవర్ధిరాజు తల్లిని చెర విడిపించి యింటికి తోడ్కొని వచ్చెనని రెండు వాక్యములతో కథ ముగించితిమి.

పెద్దలెవ్వరును ఆక్షేపింపలేదు. ఒకరిద్దరు మెచ్చుకొనిరి కూడ. కాని వారము తిరుగక మునుపే ఒక పోస్టుకార్డు వచ్చినది. పెన్సిలుతో గీతలు గీసికొని, వానిపై జాగ్రత్తగా వ్రాసిన పెద్ద పెద్ద అక్షరములు. "చిలకేమయింది? ఫకీరు ఇంకా బతికే ఉన్నాడా? మా చెల్లి రాత్రిపూట పెరట్లోకి వెళ్ళనంటోంది" అని మాత్రమే అందులో నున్నది.

ఆ కార్డును మేము పలుమారులు చదువుకొంటిమి. పిల్లలు జడిసికొందురేమో యని ఫకీరు చావును తీసివేసితిమి. అది తీసివేయుటచేతనే ఫకీరు చావకుండ మిగిలెను. మిగిలి, ఎక్కడికో పోలేదు. ఆ చిన్నపిల్ల యింటి పెరటిలో చేరి కూర్చుండెను.

పిల్లలకు అద్భుతకథలు చెప్పవచ్చునా, చెప్పినచో ఎంతవరకు చెప్పవలెను అను ప్రశ్నలు మాతో పుట్టినవి కావు. వాని వెనుక చాల చరిత్ర కలదు. ఆ చరిత్రను కొంత తిరుగవేసి చూచినచో మా పొరపాటు ఎక్కడ నున్నదో తెలియునని తోచి ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

అద్భుతకథలకు మన దేశమున ఆదిగ్రంథముగా పేరొందినది గుణాఢ్యుని బృహత్కథ. అది నేడు మనకు లభ్యము కాదు. దానిని గూర్చిన ఐతిహ్యమును మాత్రము 11వ శతాబ్దమున కాశ్మీరమునందు సోమదేవుడు కథాసరిత్సాగరమున వ్రాసిపెట్టెను. గుణాఢ్యుడు వింధ్యారణ్యమున కూర్చుండి, సిరా దొరకక, తన నెత్తుటితో ఏడు లక్షల శ్లోకముల కథను పైశాచీ భాషలో వ్రాసెనట. శిష్యులు దానిని శాతవాహన రాజునొద్దకు కొనిపోగా, భాష పైశాచి, అక్షరములు నెత్తురు అని రాజు తిరస్కరించెనట. అంతట గుణాఢ్యుడు ఒక కొండపై నిప్పు రగిల్చి, ఒక్కొక్క ఆకును బిగ్గరగా చదివి, చదివినదానిని చదివినట్లు అగ్నిలో వేయసాగెను. అడవి మృగములును పక్షులును మేత మాని, కన్నీరు కార్చుచు చుట్టును నిలిచి వినుచుండెను.

అచ్చట రాజునకు జబ్బు చేసినది. ఎండిన మాంసము తినుటవలన కలిగిన జబ్బని వైద్యులు చెప్పిరి. వంటవారు వేటగాండ్రమీదను, వేటగాండ్రు మృగములు మేత మేయకుండుటమీదను నెపము మోపిరి. రాజు కారణము తెలిసికొని పరుగెత్తి వచ్చునప్పటికి ఆరు లక్షల శ్లోకములు బూడిదయైనవి. మిగిలినది ఒక్క లక్ష. మన బేతాళ కథలు మున్నగునవి మనకు సోమదేవాదుల వలన ఈ పరంపరలోనివిగానే వచ్చినవి.

ఇది ఐతిహ్యమే గాని, ఇందొక సత్యము కలదు. అద్భుతకథను ఆస్థానము మొదట గడప యవతలనే నిలిపినది. విన్నవారు మాత్రము ఆహారము మరచి విన్నారు. ఆ కథను కాల్చిన నిప్పును మనము మరియొక దేశమున మరల చూడబోవుచున్నాము.

బృహత్కథ గాని, దానినుండి పుట్టిన గ్రంథములు గాని పిల్లల కొరకు వ్రాసినవి కావు. సోమదేవుడు వ్రాసినది సూర్యమతి యను రాణి వినోదము కొరకు. మన తెలుగున కేతన దశకుమారచరిత్రమును తిక్కనకు అంకిత మిచ్చెను. కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికను పద్యకావ్యముగా రచించెను. ఇవియన్నియు పెద్దల సభలలో వెలసిన గ్రంథములు. పిల్లల కొరకే పుట్టినదని చెప్పుకొను ప్రాచీన గ్రంథము పంచతంత్రము. అమరశక్తి యను రాజు మూఢులైన తన ముగ్గురు కుమారులను విష్ణుశర్మ కప్పగింపగా, అతడు ఆరు నెలలలో వారిని నీతికోవిదులను చేయుటకై ఆ కథలు చెప్పెనని దాని పీఠిక. నక్కలును కాకులును మాటలాడినను వాని మాటలలో నీతి యున్నది గనుక పెద్దలు అభ్యంతరము చెప్పలేదు. 1853లో చిన్నయసూరి నీతిచంద్రికగా దానిని తెలుగు వచనమున వెలయించిన పిమ్మట అది బడులలోనికి పాఠ్యగ్రంథముగా ప్రవేశించినది. నీతి యను చీటి చేతనున్న కథకు బడి తలుపు తెరచుకొన్నది. మాయల ఫకీరు చేతిలో అట్టి చీటి లేదు. అతడు అవ్వల నోటనే ఉండిపోయెను.

పాశ్చాత్య దేశములలోను ఇట్లే జరిగినది. 1697లో పారిసు నగరమున షార్ల్ పెరో యను పండితుడు నిద్రించు రాకుమారి, సిండరెల్లా, ఎర్రటోపీ పిల్ల మొదలగువారి కథలను అచ్చొత్తించి, ఒక్కొక్క కథ చివర పద్యములో నీతి చేర్చెను. 1704 మొదలు 1717 వరకు ఆంత్వాన్ గలాన్ అను నాతడు అరేబియా రాత్రుల కథలను 12 సంపుటములుగా ఫ్రెంచిలో వెలువరించెను. అందు జగత్ప్రసిద్ధమైన అల్లావుద్దీను కథ గలానుకు లభించిన అరబ్బీ వ్రాతప్రతిలో లేనే లేదు. 1709లో పారిసునకు వచ్చిన హన్నా దియాబ్ అను అలెప్పో నగర యువకుడు నోట చెప్పగా గలాన్ విన్నాడు. గుహలోని దీపము గ్రంథమునుండి గాక, ఒక మనుష్యుని కంఠమునుండి వెలుగులోనికి వచ్చినది.

ఈ గ్రంథములు ఇంగ్లీషులోనికి మారి, చౌక ప్రతులుగా ఇంటింటికి చేరిన తరువాత పిల్లల చేతులలో పడినవి. అప్పుడే తగవు మొదలైనది.

ఇంగ్లండులో ఒక గ్రామ క్రైస్తవాచార్యుని కుమారుడు ఆరేండ్ల ప్రాయమున అరేబియా రాత్రుల కథలు చదివెను. చదివి ఎంత భయపడెననగా, చీకటిలో ఆ పుస్తకమువంక చూడలేకపోయెడివాడు. కిటికీలో నున్న ఆ పుస్తకముపై ఉదయపు టెండ పడువరకు కాచియుండి, ఎండ తాకినంతనే దానిని తీసికొని గోడకు చేరగిలి చదువుకొనెడివాడు. తండ్రి ఇది కనిపెట్టి పుస్తకములను కాల్చివైచెను. గుణాఢ్యుని కొండమీద రగిలిన నిప్పు మరల రగిలినది.

ఆ పిల్లవాడే తరువాత మహాకవియైన కోల్‌రిజ్. 1797లో ఒక స్నేహితునకు వ్రాసిన లేఖలలో ఈ సంగతిని తెలిపి, పిల్లలను రాక్షసుల కథలు, మాంత్రికుల కథలు చదువనీయవచ్చునా యని తానే ప్రశ్నించుకొని, చదువనీయవలెననియే సమాధానము చెప్పుకొనెను. కంటికి కనుపించు చిన్న చిన్న వస్తువులతోనే తృప్తినొందక, సమస్తమును ఒక మహత్తరమైన వస్తువుగా భావింపగల శక్తి తనకు ఆ కథలవలననే అలవడినదని అతని నమ్మకము. భయపడిన పిల్లవాడే పెద్దవాడై ఆ భయమునకు సాక్ష్యము చెప్పుచున్నాడు గనుక ఈ మాటకు విలువ కలదు.

ప్రతిపక్షమును తేలికగా త్రోసివేయరాదు. సారా ట్రిమ్మర్ అను విదుషి 1802 మొదలు 1806 వరకు ఒక పత్రికను నడపి, పిల్లల పుస్తకములను ఒక్కొక్కటిగా పరీక్షించి అభిప్రాయములు ప్రకటించెను. పిల్లల పుస్తకములను ఇంత శ్రద్ధతో పరిశీలించినవారు ఆమెకు మునుపు అరుదు. యక్షిణుల కథలు పసి మనస్సులలో నిష్కారణమైన భయమును నాటునని ఆమె వాదము. సిండరెల్లా కథ సవతితల్లియందు ద్వేషమును, అసూయను, అలంకారములపై మోజును నేర్పునని ఆమె పత్రికలో నిందింపబడినది. చిన్ననాట ఆ కథలను తానును ఇష్టముతో వినినట్లు ఆమెయే ఒప్పుకొనినది. ఆమె రచించిన పిల్లల కథయందు పక్షులు మాటలాడును. కాని పక్షులు నిజముగా మాటలాడునని భ్రమింపవలదని పీఠికలోనే పిల్లలకు హెచ్చరిక కలదు. కథ చెప్పుచు, ఇది కథ సుమా యని మాటిమాటికి చెవిలో చెప్పు పెద్దలు నేటికిని లేకపోలేదు.

అదే 1802లో చార్లెస్ ల్యాంబ్ ఈ కోల్‌రిజ్‌కే ఒక లేఖ వ్రాయుచు, పాత కథలు పుస్తకముల అంగళ్లలో కానరావనియు, వాని స్థానమున శుష్కమైన జ్ఞానమును నింపిన పుస్తకములు వచ్చి పడినవనియు వాపోయెను. వాపోయి ఊరకుండలేదు. అక్క మేరీతో కలిసి షేక్స్పియరు నాటకములను పిల్లలకు కథలుగా వ్రాసి 1807లో ప్రకటించెను. తుపాను నాటకములోని మాంత్రికుడు, వేసవి రాత్రి కలలోని గంధర్వులు అట్లు పిల్లల చాపమీదికి దిగివచ్చిరి. మహాగ్రంథమును పిల్లలకు పరిచయము చేయుట పండితులకు తగిన పనియేనని ఆ అక్కాతమ్ములు నిరూపించిరి.

ఇక జర్మనీ దేశపు గ్రిమ్ సోదరులు. యాకబ్, విల్హెల్మ్ అను నీ ఇరువురును భాషాశాస్త్రజ్ఞులు. జనుల నోట చెడిపోక నిలిచిన పాత కథలు మరుగున పడిపోవునను ఆవేదనతో వానిని సేకరించిరి. మొదటి సంపుటము 1812లో 86 కథలతోను, రెండవది 1815లో 70 కథలతోను వెలువడినవి. రెండవ సంపుటమున అనేక కథలను చెప్పినది డొరోథియా ఫీమన్ అను దర్జీవాని భార్య. కాసెల్ నగరమునకు చేరువనున్న పల్లెనుండి కూరగాయలు తెచ్చి అమ్ముకొను స్త్రీ. ఆమె కథను మొదట ధారాళముగా చెప్పి, కోరినచో వ్రాసికొనుటకు వీలుగా మెల్లగా మరల చెప్పెడిదనియు, ఒక్క మాట తప్పినను తానే ఆగి దిద్దుకొనెడిదనియు గ్రిమ్ సోదరులు పీఠికలో కృతజ్ఞతతో వ్రాసిరి. మన యిండ్లలో ఈ దిద్దుబాటు పని పిల్లలది. నిన్న చెప్పిన కథలో నేడు ఒక్క మాట మారినచో వారు ఊరుకొనరు.

గ్రిమ్ సోదరుల గ్రంథము పేరునందు పిల్లల ప్రసక్తి యున్నను, అందున్నది పండితుల సామగ్రి. ఇది పిల్లలకు తగదని మిత్రులే ఆక్షేపించిరి. అంతట విల్హెల్మ్ కూర్పు వెంట కూర్పున కథలను దిద్దుచు వచ్చెను. 1825లో 50 కథలతో పిల్లలకు తగిన చిన్న కూర్పు వచ్చినది. 1857 నాటి ఏడవ కూర్పువరకు ఈ దిద్దుబాటు సాగినది. ఆయన దేనిని తీసివేసెను, దేనిని ఉంచెను అనునది మావంటివారు గమనింపదగిన విషయము.

మొదటి కూర్పులో, పిల్లలు కసాయివాని ఆట ఆడుచు తమలో నొకని చంపుట యను వృత్తాంతము కలదు. దానిని రెండవ కూర్పుననే తీసివేసిరి. హిమబాలను చంపింపజూచినది మొదట కన్నతల్లి; 1819లో ఆమెను సవతితల్లిగా మార్చిరి. హాన్సెల్, గ్రేటెలులను అడవిలో విడిచి రమ్మనిన తల్లియు 1840 నాటికి సవతితల్లి యైనది. కన్నతల్లియే చంపజూచినదనిన, వినుచున్న పిల్ల ఎవరి ఒడిలో కూర్చుండి వినవలెను? ఈ మార్పులోని దయ గ్రహింపదగినది. సవతితల్లులకు జరిగిన అన్యాయము మాత్రము అట్లే యుండిపోయినది.

కాని పిల్లలను తినజూచిన మంత్రగత్తె పొయ్యిలో పడి కాలుట అట్లే యున్నది. దుష్టురాలైన రాణి కాలిన ఇనుప చెప్పులు తొడిగికొని చచ్చువరకు ఆడుట అట్లే యున్నది. పెరో చెప్పిన ఎర్రటోపీ పిల్ల కథ, తోడేలు ఆ పిల్లను మ్రింగుటతో ముగిసిపోవును. తరువాత వచ్చునది నీతిపద్యము. గ్రిమ్ సోదరుల కథలో వేటగాడు వచ్చి, తోడేలు కడుపు చీల్చి, అవ్వను మనుమరాలిని ప్రాణములతో వెలికి తీయును. పెరో కథలో నీతి యున్నది, రక్షణ లేదు. గ్రిమ్ కథలో కత్తెర యున్నది, నెత్తురున్నది, రక్షణయు నున్నది. పిల్లలు ఏ కథను పట్టుకొనిరో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇచ్చట మరల మన చిలుకయొద్దకు వత్తము. బొంబాయి గవర్నరు సర్ బార్టిల్ ఫ్రియర్ కుమార్తె మేరీ ఫ్రియర్ 1865 చివరను తండ్రితో దక్షిణ మహారాష్ట్ర ప్రాంతమున పర్యటించుచు, తోడుగా వచ్చిన ఆయాను కథ చెప్పుమని కోరెను. ఆ ఆయా పేరు ఆనా లిబరేటా డిసౌజా. తన అవ్వయొద్ద చిన్ననాట విన్న కథలను ఆమె చెప్పగా మేరీ వ్రాసికొని, 1868లో లండనులో పాతకాలపు దక్కను కథలుగా ప్రకటించెను. మొదటి కథలో పంచ్కిన్ అను మాంత్రికుడు రాజపుత్రిక నొకతెను గోపురమున బంధించి, ఆమె భర్తను రాయిగా మార్చును. ఆమె కుమారుడు పెరిగి పెద్దవాడై వెదకుచు వచ్చును. మాంత్రికుని ప్రాణము ఎంతయో దూరమున, కీకారణ్యమున, ఒకదానిపై నొకటిగా పేర్చిన ఆరు నీటికుండల క్రింద, పంజరములోని పచ్చని చిలుకయందు కలదు. ఆ రాజపుత్రిక పేరు బాల్నా. బాలనాగమ్మ నెరిగిన తెలుగు పాఠకునకు ఇంతకన్న చెప్పవలసిన పనిలేదు.

ప్రాణమును దేహమునకు వెలుపల దాచుకొన్న దుష్టుని కథ లోకమంతటను కలదు. నార్వే దేశపు కథలో రాక్షసుని గుండె, సరస్సు నడుమ ద్వీపమున, బావిలో ఈదు బాతుయొక్క గ్రుడ్డునందుండును. అయినను మన చిలుకకును ఆనా చెప్పిన చిలుకకును గల పోలిక సామాన్యము కాదు. మరియొక సంగతి మమ్ము సిగ్గుపరచినది. ఆనా కథలోని బాలుడు చిలుకను చేతబట్టి, ముందుగా రాళ్లైన వారినందరిని మాంత్రికునిచేతనే బ్రతికింపజేయును. పిదప చిలుక రెక్కలు, కాళ్లు త్రుంచి మెడ త్రిప్పును. వాని అవయవములు అట్లే ఊడిపడును. విక్టోరియా రాణినాటి లండనులో, మర్యాదకు అంతటి పట్టుదలగల కాలమున, ఆ ఘట్టము ముద్రితమైనది. అవ్వ చెప్పినదానిని ఆనా విడువలేదు, ఆనా చెప్పినదానిని మేరీ విడువలేదు. విడిచినవారము మేము.

ఆ గ్రంథమునందే ఆనా తన జీవితకథను చెప్పుచు, పూర్వము పెద్దలు కథలు చెప్పుటయం దిష్టము కలవారనియు, తన కాలపు పెద్దలకు ధనార్జనపై తప్ప మరి దేనియందును ఇష్టము లేదనియు బాధపడినది. ఆ మాట అచ్చుపడినది 1868లో. ఈ కాలపు పెద్దలకు తీరిక లేదని విచారించువారు, తీరిక లేకపోవుట కూడ ఒక ప్రాచీన సంప్రదాయమేనని తెలిసికొని ధైర్యము వహింపవచ్చును.

అద్భుతకథ చేతినుండి నీతిచీటిని తీసివేసి, అది లేకయే పిల్లలలోనికి పంపిన ఘనత గణితశాస్త్రోపాధ్యాయు డొకనిది. 1862 జూలై 4వ తేదీన ఆక్స్ఫర్డునుండి పడవలో పోవుచు చార్లెస్ డాడ్జ్‌సన్ ముగ్గురు అక్కచెల్లెండ్రకు కుందేటి బొరియలో పడిన పిల్ల కథ నొకదానిని అప్పటికప్పుడు అల్లి చెప్పెను. వారిలో నడిమిదియైన ఆలిస్ లిడెల్, పదేండ్లది, దానిని వ్రాసి యిమ్మని పట్టుపట్టినది. స్వహస్తముతో వ్రాసి, బొమ్మలు గీసి 1864 నవంబరులో ఆమెకు కానుక చేసెను. 1865లో ల్యూయిస్ కారల్ అను పేరుతో ఆలిస్ కథ అచ్చయినది. అందు ప్రతిదానికి ఒక నీతి చెప్పు డచెస్సు ఒకతె కలదు. ఆమెను చూచి పిల్లలు నవ్వుదురు. ట్రిమ్మర్ నాటినుండి అరువదేండ్లుగా నీతి వినుచున్న పిల్లల కది మంచి ప్రతిఫలము.

తెలుగు బాలుర అదృష్టము తక్కువది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారు 12 భాగములుగా వ్రాసిన కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు కాశికి పోవుచు ఒక పశులకాపరి పిల్లవానిని తోడు తీసికొనిపోవును. దారిలో తనకు కనుపించిన వింత కెల్ల కథ చెప్పవలెనని ఆ పిల్లవాడు ముందుగనే నిబంధన పెట్టును. అడుగువాడు పిల్లవాడు, చెప్పువాడు పెద్దవాడు. కథ కొరకే నడక. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు "బాల" పత్రికను వెలయించిరి. మద్రాసు రేడియోలో వారు పిల్లలకు అన్నయ్య, అక్కయ్యలై పలికిన తీరు మా వృత్తిలోని వారందరికి ఒరవడి. 1947 జూలైలో మద్రాసునుండి "చందమామ" వెలువడినది. 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు కొడవటిగంటి కుటుంబరావుగారు దాని సంపాదకత్వ భారము వహించిరి. ఆయన హేతువాది, దయ్యములను నమ్మువాడు కాడు. అయినను ఆయన చేతిమీదుగా నెల నెల బేతాళుడు చెట్టెక్కుచునే యుండెను. దాసరి సుబ్రహ్మణ్యముగారి మాంత్రికులును భల్లూకములును తెలుగు పిల్లలను నెలపొడవున ఎదురుచూడజేయుచునే యుండెను. దయ్యమును నమ్ముట వేరు, దయ్యపు కథను వినుట వేరు. ఈ భేదము పిల్లలకు తెలిసినంత స్పష్టముగా పెద్దలకు తెలియదేమో!

ఈ చరిత్రనుండి తేలినదేమి? భయము కథతో పుట్టలేదు. చీకటిలో పెరటివంక చూచి బెదరుటకు ఫకీరు కథ వినియుండ నక్కరలేదు. 1909లో ఇంగ్లీషు రచయిత చెస్టర్టన్ ఈ సంగతినే చెప్పెను: రాక్షసి సర్పము పిల్లల మనస్సులో ముందుగనే యున్నది, కథ తెచ్చి ఇచ్చునది ఆ సర్పమును చంపు వీరుని మాత్రమే యని ఆయన భావము. ఆ పోస్టుకార్డు వచ్చునంతవరకు ఈ మాట మాకు చమత్కారముగా తోచుచుండెను. వచ్చిన పిమ్మట అది ఇంటి వ్యవహారముగా కనుపించినది. ఫకీరును ప్రవేశపెట్టిన వారికి ఫకీరును అంతము చేయు బాధ్యతయు కలదు. సగము కథ చెప్పి భయమును తీసివేసితిమనుకొనుట పామును చూపి కర్రను దాచుట.

ఇక ఇండ్లలో ఈ కథలను పరిచయము చేయు విషయమై మాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసికొందుము. మొదట పుస్తకము చేతి కిచ్చుటకన్న కథ చెవిని వేయుట మేలు. అల్లావుద్దీను, ఆలిస్, బాల్నా అందరును అట్లు వచ్చినవారే. రేడియోలోని మేమును కథ చెప్పగలము గాని, పిల్లవాడు జడిసికొన్నపుడు మా చేయి పట్టుకొనలేడు. కనుక మా కార్యక్రమమును సైతము పెద్దలు ప్రక్కన కూర్చుండి వినుట మంచిది. కథను భయముదగ్గర ఆపి, నిద్రపొమ్మని దీపము తీయరాదు. రాక్షసుడు చచ్చినాడని తెలిసిన పిమ్మటనే దీపము తీయవలెను. కథ ముగిసినంతనే ఇందులోని నీతి యేమి యని పరీక్ష పెట్టరాదు. వయస్సు ననుసరించి కథను ఎన్నుకొనుట పెద్దల పని. ఎన్నుకొన్న కథను నరకి యిచ్చుట పెద్దల పని కాదు. ఈ కథ ఇప్పుడు వలదని తోచినచో మరి రెండేండ్లు దానిని దాచియుంచవచ్చును. కుంటిదానిని చేసి ఇచ్చుటకన్న అది మేలు.

మా సంగతి ముగింపవలసి యున్నది. మరుసటి వారము బాలనాగమ్మ కడపటి భాగమును, ఏమియు తగ్గింపక, మరల చెప్పించితిమి. ఏడు సముద్రములు దాటుట, చిలుక పట్టుపడుట, రెక్క విరుచుట, మెడ నులుముట, ఫకీరు కూలుట అన్నియు వినిపించితిమి. ప్రసారమగుచున్నంతసేపు మాకే కొంత బెదురుగా నుండెను.

పది దినములకు రెండవ కార్డు వచ్చినది. అదే పెన్సిలు, అవే గీతలు. "చెల్లి పెరట్లోకి వెళ్తోంది. కాని చిలక పాపం ఏం చేసింది?" అని యున్నది.

మేము నీతిని చెప్పలేదు, అడుగనులేదు. ఫకీరు చచ్చినాడని నిశ్చయమైన తరువాతనే ఆ పిల్లవానికి చిలుకను గూర్చి ఆలోచించు తీరిక చిక్కినది. ఆ ప్రశ్నకు ఏమని ప్రత్యుత్తరము వ్రాయవలెనో మాకు నేటివరకు తోచలేదు. కార్డు మాత్రము మా బల్లమీదనే యున్నది.